వేడుక, ఒప్పందం, పట్టా
(వర్సిటీ వార్తలు మనకెందుకు? – ఒక పాఠం)

– పూర్వ విద్యార్థి, ఎం.ఎ. (చరిత్ర)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాసి ఇమ్మని వార్డెన్ గారు కబురు చేశారు. కవితలు రాసేవాళ్ళు మన హాస్టల్లో ఎప్పుడూ ఉన్నారు, వాళ్ళ పేజీలు వాళ్ళకుంటాయి. నేను చదివింది చరిత్ర. కాబట్టి పాఠంలాంటిది ఒకటి రాస్తున్నాను. పరీక్షలో వచ్చే పాఠం కాదు. పరీక్షలన్నీ రాసేశాక పనికొచ్చే పాఠం.

మన హాస్టలుకు వచ్చే దినపత్రికలో ముందు ఆటల పేజీ, తరువాత సినిమా పేజీ నలుగుతాయి. జిల్లా పేజీలో ఒక మూల వర్సిటీ వార్తలుంటాయి. ఫలానా సంస్థతో విశ్వవిద్యాలయం అవగాహన ఒప్పందం, ఫలానా తేదీన స్నాతకోత్సవం, వ్యవస్థాపక దినోత్సవం ఘనంగా నిర్వహణ, ఫలానా ప్రముఖునికి గౌరవ డాక్టరేటు. నలుగురైదుగురు పెద్దమనుషులు ఒక ఫైలు పట్టుకుని నిలబడిన ఫొటో. ఆ మూలను చదివేవాళ్ళు తక్కువ. ఎవరో గొప్పవాళ్ళ ఇంటి పెళ్ళి వార్తలా అనిపిస్తుంది. కానీ ఆ పెళ్ళికి మనమూ దగ్గరి చుట్టాలమే. పేటలో డిగ్రీ చదివితే మన హాల్ టికెట్ మీద ఉండే పేరు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. అక్కడ ఏం జరిగినా ఎంతో కొంత మన సంగతే.

కళాశాల వేరు, విశ్వవిద్యాలయం వేరు

మా నాన్న జిన్నింగ్ మిల్లులో పనిచేస్తారు. నేను డిగ్రీలో చేరిన కొత్తలో ఆయన అడిగిన ప్రశ్న: "కాలేజీ పేటలోనే ఉంది గదా, మళ్ళీ యూనివర్సిటీ మాటెందుకురా?" మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే గనుక అడిగి తెలుసుకోవడానికి ఇంకెవరూ లేరు. తరువాత నేను తెలుసుకుని ఆయనకు చెప్పిన జవాబునే ఇక్కడ రాస్తున్నాను. పాలు పోయించుకునేది ఊళ్ళో కేంద్రం, ప్యాకెట్ మీద పేరు డెయిరీది. అలాగే పాఠం చెప్పేది కళాశాల. ఏం చదవాలో నిర్ణయించడం, పరీక్ష పెట్టడం, పేపర్లు దిద్దించడం, చివరకు పట్టా ఇవ్వడం విశ్వవిద్యాలయం పని. ఈ సంబంధాన్నే అనుబంధం, అంటే అఫిలియేషన్ అంటారు. అటానమస్ కళాశాలలు పరీక్షలు తామే పెట్టుకుంటాయి గానీ, వాటి విద్యార్థుల పట్టా మీద కూడా విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. పదో తరగతికి, ఇంటర్మీడియట్‌కు మాత్రం వేరే బోర్డులున్నాయి. వాటికి, విశ్వవిద్యాలయానికి సంబంధం లేదు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు గవర్నరు గారు కులపతి. రోజువారీ వ్యవహారం చూసేది ఉపకులపతి, అంటే వీసీ. సంతకాలు, ఫైళ్ళు రిజిస్ట్రారువి. పరీక్షల విభాగానికి వేరే అధికారి ఉంటారు. మనకు ఎక్కువ పని పడేది ఆ చివరి ఆఫీసుతోనే.

ఒకప్పుడు మన కోస్తా జిల్లాల పిల్లలకు మద్రాసు విశ్వవిద్యాలయమే దిక్కు. అది 1857లో ఏర్పడింది. నైజాంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలై ఉర్దూలో పాఠాలు చెప్పింది. ఇంగ్లీషు కాకుండా ఒక దేశభాషలో విశ్వవిద్యాలయ చదువు చెప్పవచ్చునని చూపింది అదే. తెలుగువారికి ప్రత్యేకంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 ఏప్రిల్ 26న బెజవాడలో పుట్టింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి ఉపకులపతి. కేంద్రం ఎక్కడ ఉండాలన్న మీద పెద్ద గొడవే జరిగి 1930లో వాల్తేరుకు మారింది. అంటే దానికి 2026 ఏప్రిల్ 26తో నూరేళ్ళు.

మన వైపు 1967లో గుంటూరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి పి.జి. కేంద్రం వచ్చింది. అదే పెరిగి పెద్దదై 1976 సెప్టెంబరు 11న నాగార్జున విశ్వవిద్యాలయమైంది. నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు ప్రారంభించారు. పేరుకు ముందు 'ఆచార్య' చేరింది 2004లో. ఆ లెక్కన 2026 సెప్టెంబరు 11కు యాభై ఏళ్ళు. తరువాత కృష్ణా జిల్లాకు 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం, ప్రకాశం వైపు 2022లో ఒంగోలులో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం వేరుపడ్డాయి. అదే 2022లో ఏప్రిల్ 4న మన పల్నాడు జిల్లా కూడా ఏర్పడింది గానీ మన డిగ్రీ కళాశాలలు నాగార్జున కిందనే ఉండిపోయాయి. ఇంజనీరింగు చదవాలనుకునేవాళ్ళకు నరసరావుపేటలో 2016లో మొదలైన జె.ఎన్.టి.యు. కాకినాడ వారి కళాశాల ఉంది. అది ఇంకో విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. పనిచేసుకుంటూ చదివేవాళ్ళ కోసం 1982లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 1991లో డా॥ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. మన అన్నలు కొందరు మిల్లులో షిఫ్టు చేస్తూ అందులో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళే.

మాచర్ల దగ్గరి పాత సంగతి

నాగార్జున పేరు ఎందుకు పెట్టారో ఒక మాట చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ పేరు మన జిల్లాది. మాచర్ల నుంచి వెళ్ళే నాగార్జునకొండ ఒకప్పుడు విజయపురి. మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధాని. ఆ కొండల ప్రాంతాన్ని శ్రీపర్వతం అనేవారు. బౌద్ధాచార్యుడు నాగార్జునుడు అక్కడ ఉన్నాడన్నది సంప్రదాయంగా వస్తున్న మాట. శాసనాలు చెప్పేది ఇంకో కథ. చరిత్ర విద్యార్థిగా నాకు ఆ శాసనాల కథే ఎక్కువ ఇష్టం.

వీరపురుషదత్తుడనే రాజు పాలన 14వ ఏట బోధిసిరి అనే ఉపాసిక ఒక శాసనం వేయించింది. సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించానని అందులో చెప్పుకుంది. ఆ ఆచార్యులు కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, యవన, దమిళ మొదలైన దేశాలలో ధర్మం బోధించినవారట. అక్కడ సింహళ విహారం అనే పేరుతో ఒక విహారమే ఉండేది. విహారమంటే అరలు అరలుగా గదులు, మధ్యలో అందరూ కూర్చునే మండపం. ఒక్క మాటలో చెప్పాలంటే హాస్టలు. పరదేశం నుంచి వచ్చిన పండితులకు, చదువుకునే భిక్షువులకు ఒక స్త్రీ తన సొమ్ముతో వసతి కట్టించి, రాతి మీద లెక్క రాయించింది. ఇప్పటి మాటల్లో అది అంతర్జాతీయ భాగస్వామ్యం. కాకపోతే మన పేపర్లలో ఫైలు పట్టుకున్న ఫొటో వస్తుంది. బోధిసిరి శాసనంలో ఏమి కట్టించిందో, ఎవరి కోసం కట్టించిందో ఉంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ఒప్పందాల దగ్గర మళ్ళీ అవసరం వస్తుంది.

ఆ శిథిలాలు వెలుగులోకి వచ్చింది 1926లో. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిన సంవత్సరమే. 1954 నుంచి 1960 వరకు పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. నాగార్జునసాగర్ నీటిలో లోయ మునిగిపోతుంది గనుక కొన్ని కట్టడాలను కొండ మీదికి చేర్చి మళ్ళీ నిలబెట్టారు. ఈసారి హాస్టలు విహారయాత్రకు సాగర్ వెళితే డ్యాము గేట్ల దగ్గర ఫొటోలు దిగి వచ్చేయకుండా, పడవెక్కి కొండ మీది మ్యూజియం కూడా చూడండి.

స్నాతకోత్సవం

పట్టాలిచ్చే పండుగను స్నాతకోత్సవం అంటారు. గురుకులంలో చదువు ముగిసినప్పుడు శిష్యుడు చేసే స్నానం పేరు మీద స్నాతకుడు అనే మాట వచ్చింది. పెళ్ళిళ్ళలో కూడా స్నాతకం చేయిస్తారు, చూసే ఉంటారు. మాట పాతదే. అయితే ఆ పాత గురుకులంలో మన తాత ముత్తాతలకు చోటు లేదని వేరే చెప్పనక్కరలేదు. వేలు కోసి ఇమ్మన్న కథ అందరికీ తెలిసిందే. కాబట్టి పాత పేరుతో కొత్త పండుగ జరుగుతున్నదని అర్థం చేసుకోవాలి.

దాక్షాయణి వేలాయుధన్ గారి గురించి చదివారా? కేరళలో ఎర్నాకుళం మహారాజా కళాశాలలో రసాయన శాస్త్రం చదివి 1935లో పట్టా పొందారు. దళిత స్త్రీలలో తొలి పట్టభద్రురాలిగా ఆమెను చెబుతారు. ప్రయోగశాలలో ఆమెకు దగ్గరుండి చూపించడానికి ఉపాధ్యాయుడు ఇష్టపడకపోతే దూరం నుంచి చూసి నేర్చుకున్నారు. తరువాత రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. ఆ సభలో ఉన్న ఒకే ఒక్క దళిత మహిళ ఆమె. సైన్సు గ్రూపు మనకు రాదులే అనుకునే తమ్ముళ్ళు ఉంటే ఈ పేరు నోటు పుస్తకం అట్ట మీద రాసుకోండి.

గౌరవ పట్టాలు వేరు. చదివి పరీక్ష రాసినందుకు కాక, చేసిన పనికి మెచ్చి ఇచ్చేవి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1953 జనవరి 12న డా॥ అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. దానికి ముందు ఏడాది, 1952 జూన్‌లో, ఆయన చదివిన అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం ఇచ్చింది. మన దేశంలో ఒక విశ్వవిద్యాలయం ఆయనను అలా గౌరవించింది మన తెలుగు నేల మీద. మన వినుకొండలో పుట్టి బడిపంతులుగా పనిచేసిన గుఱ్ఱం జాషువా గారికి ఆంధ్ర విశ్వవిద్యాలయం 'కళాప్రపూర్ణ' ఇచ్చింది. వినుకొండ ఇప్పుడు మన పల్నాడు జిల్లాలోనే ఉంది. ఈ మధ్య పేపర్లలో గౌరవ డాక్టరేట్లు డబ్బుకు అమ్మే బోగస్ సంస్థల వార్తలు కూడా వస్తున్నాయి. అందుకే ఎవరికి ఇచ్చారన్నదే కాదు, ఎవరు ఇచ్చారో కూడా చదవాలి.

బంగారు పతకాల సంగతి ఒకటి. వాటిలో చాలావరకు ఎవరో ఒకరు తమవారి పేరు మీద విశ్వవిద్యాలయంలో కొంత సొమ్ము జమ చేస్తే దాని వడ్డీతో ఇచ్చేవే. ఏ సబ్జెక్టులో ఎవరికి ఇవ్వాలో దాతలే నిబంధన పెడతారు. కొన్ని ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులలో ప్రథములకని ప్రత్యేకంగా ఉంటాయి. జాబితా ముందే చూసుకున్నవాడికి గురి ఉంటుంది.

ఒక చిన్న సభ, ఒక ఒప్పందం

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్నది. వేడుక ఎందుకు, దానితో కడుపు నిండుతుందా అనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. బాలుడైన భీమరావు పరీక్ష పాసైనప్పుడు వాళ్ళ కులంవారు సభ పెట్టాలనుకున్నారు. తండ్రి రామ్‌జీ ఒప్పుకోలేదు. పిల్లవాడికి గర్వం పెరుగుతుంది, ఒక పరీక్ష పాసవడం తప్ప ఏం చేశాడని అన్నారట. సభ పెట్టాలన్నవాళ్ళు ఊరుకోకుండా తండ్రి స్నేహితుడైన కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడి దగ్గరికి వెళ్ళి చెప్పించారు. సభ జరిగింది. చివరలో కేలూస్కర్ తాను రాసిన బుద్ధుని జీవిత చరిత్రను కుర్రవాడికి బహుమతిగా ఇచ్చారు. ఈ సంగతంతా అంబేద్కర్ తరువాత స్వయంగా రాసుకున్నారు.

ఆ సభకు ఎంత ఖర్చయి ఉంటుంది? కొంచెం ఆలోచించండి. దానివల్ల జరిగింది మాత్రం ఇది. ఆ పుస్తకంతో బుద్ధుడు పరిచయమయ్యాడు. ఆ కేలూస్కరే తరువాత బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దృష్టికి ఈ విద్యార్థిని తీసుకువెళ్ళారు. నెలకు 25 రూపాయల ఉపకార వేతనంతో బొంబాయిలో బి.ఎ. చదువు సాగింది, 1912లో పూర్తయింది. ఆ పైన 1913లో కొలంబియా వెళ్ళడానికి మూడేళ్ళపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల వేతనం మంజూరైంది. 1913 జూన్ 4న ఆయన ఒక ఒప్పందం మీద సంతకం చేశారు. చెప్పిన విషయాలు చదవాలి, తిరిగివచ్చి పదేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలి.

ఆ ఒప్పందంలో చదువుంది, డబ్బుంది, ఉద్యోగముంది. లేనిది ఒక్కటే. 1917లో అంబేద్కర్ బరోడాలో దిగినప్పుడు ఉండడానికి గది దొరకలేదు. హిందువుల హోటళ్ళలో రానివ్వరు. పారసీల సత్రంలో పారసీ పేరు పెట్టుకుని చేరారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని ఒక గుంపు వచ్చి ఖాళీ చేయమంది. సాయంత్రంలోగా వెళ్ళిపోతానని చెప్పి, తెలిసిన మిత్రులను అడిగితే వాళ్ళూ ఏదో ఒక సాకు చెప్పారు. పార్కులో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్ళిపోయారు. అమెరికాలో చదివివచ్చిన మనిషికి, సంస్థానంతో ఒప్పందం ఉన్న మనిషికి, పడుకోవడానికి చాప పరుచుకునే చోటు దొరకలేదు. మన హాస్టలు గోడల సున్నం రాలుతోందని, చారు పల్చగా ఉందని మనం అనుకుంటూనే ఉంటాం, అడగాల్సినప్పుడు అడగాలి కూడా. కానీ ఈ నాలుగు గోడలు ఎక్కడినుంచి వచ్చాయో తెలిసుండాలి. మెట్రిక్ తరువాతి చదువులకు ఎస్.సి. విద్యార్థులకిచ్చే కేంద్ర స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో అంబేద్కర్ సభ్యుడు.

అందుకే పేపర్లో అవగాహన ఒప్పందం వార్త కనిపిస్తే నేను బరోడా గదిని గుర్తు చేసుకుంటాను. అవగాహన ఒప్పందమంటే ఇద్దరు కలిసి పనిచేద్దామని రాసుకున్న కాగితం. సాధారణంగా దానికి కోర్టులో నిలబెట్టే బలం ఉండదు, దానంతటదే డబ్బూ రాదు. వార్త చదివి మనం అడగవలసింది: ఎంతమంది విద్యార్థులకు? ఏ కోర్సువాళ్ళకు? అనుబంధ కళాశాలలవాళ్ళకు వర్తిస్తుందా, క్యాంపస్ వాళ్ళకేనా? ఖర్చెవరిది? వెళ్ళినవాడు ఎక్కడ ఉంటాడు, ఏం తింటాడు? గడువెంత? ఈ ప్రశ్నలకు జవాబు ఉంటే మంచి ఒప్పందం. లేకపోతే ఫొటో.

ఉదాహరణకు 2024 ఫిబ్రవరిలో మన రాష్ట్రం ఎడెక్స్ అనే సంస్థతో ఒప్పందం చేసుకుంది. విదేశీ విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ కోర్సులు మన డిగ్రీ విద్యార్థులకు ఉచితంగా ఇవ్వడానికి. మంచి ఆలోచనే. కానీ ఒక గదిలో ఎనిమిదిమంది, ముగ్గురికి స్మార్ట్ ఫోను, రాత్రి పదికి లైట్లు ఆపేస్తే ఆ ఇంగ్లీషు వీడియో పాఠం ఎప్పుడు చూడాలి? ఒప్పందం రాసినవాళ్ళకు ఇది తట్టకపోవచ్చు. చెప్పవలసింది మనం. హాస్టల్లో ఒక కంప్యూటరు, ఒక ఇంటర్నెట్ కనెక్షన్, రాత్రి రెండు గంటలు అదనంగా కరెంటు ఉంటే ఇలాంటి ఒప్పందం మన దాకా వస్తుంది.

ఒప్పందమంటే విదేశాలతోనే అని కాదు. జాతీయ సేవా పథకం, అదే ఎన్.ఎస్.ఎస్., 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో మొదలైంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం. విశ్వవిద్యాలయానికి, ఊరికి మధ్య ఒప్పందమది. మన రాష్ట్రంలో 2020–21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు, మొదటి ఏడాది తరువాత ఊళ్ళో సామాజిక సేవా ప్రాజెక్టు పెట్టారు. చాలామంది పాత రిపోర్టు కాపీ కొట్టి, కవరు మార్చి ఇచ్చేస్తారు. మన పిల్లలకు మాత్రం ఇది బంగారంలాంటి అవకాశమని నా అభిప్రాయం. ఊరి మంచినీటి గురించి, మిరప కోతల కూలి గురించి, పత్తి చేలలో పురుగుమందు కొట్టేవారి ఆరోగ్యం గురించి మనకు తెలిసినంత ఏ ప్రొఫెసరుకూ తెలియదు. అది ఊరి చావడి దగ్గర కూర్చుని రాసుకుంటే అసలైన పరిశోధన అవుతుంది.

పట్టా చేతికి వచ్చేదాకా

అంబేద్కర్ జీవితం నుంచే ఇంకొకటి. కొలంబియాలో ఆయన డాక్టరేటు సిద్ధాంత వ్యాసం 1917 నాటికే ఆమోదం పొందింది. కానీ అక్కడి నిబంధన ప్రకారం దాన్ని అచ్చువేసి ప్రతులు సమర్పించాలి. పుస్తకం 1925లో అచ్చయింది. పట్టా అధికారికంగా 1927 జూన్ 8న వచ్చింది. చదువు పూర్తవడానికి, పట్టా రావడానికి మధ్య పదేళ్ళు. అంత గొప్ప విద్యార్థికీ ఆ చివరి మెట్టు విడిగా ఎక్కవలసి వచ్చింది.

మన దగ్గర ఆ మెట్టు మీదనే చాలామంది ఆగిపోతున్నారు. డిగ్రీ పాసైతే ముందు మార్కుల మెమోలు, తరువాత అన్నీ కలిపిన కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే పి.సి., వస్తాయి. పి.సి. అనేది పట్టా కాదు. పట్టా వచ్చేదాకా చూపించే తాత్కాలిక పత్రం. అసలు పట్టా, అంటే ఓ.డి., తనంత తాను ఇంటికి నడిచి రాదు. స్నాతకోత్సవ నోటిఫికేషన్ పడినప్పుడు విడిగా దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టాలి. హాజరై తీసుకోవచ్చు, హాజరు కాలేకపోతే గైర్హాజరులో తెప్పించుకోవచ్చు. నాది పోస్టులో వచ్చింది. మా అమ్మ మిరప కోతల నుంచి వచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని గానీ దాన్ని పట్టుకోలేదు. మంట అంటుకుంటుందని కాబోలు. "ఇందులో నీ పేరెక్కడుంది?" అని అడిగి, చూపించిన చోట వేలు పెట్టి అలాగే కాసేపు కూర్చుంది.

అర్హత పొందిన 180 రోజులలోగా పట్టా ఇవ్వాలని యు.జి.సి. 2008 నిబంధనలలో ఉంది. ఇది తెలిసుంటే అడగగలుగుతాం.

ఇంకో పెద్ద చిక్కు, అసలు సర్టిఫికెట్లు కళాశాలలోనే ఉండిపోవడం. మా బ్యాచ్‌లో ఒకడికి ప్రభుత్వం నుంచి రావలసిన ఫీజు రాలేదని అతను చదివిన కళాశాల టి.సి., మెమోలు ఇవ్వలేదు. పి.జి. కౌన్సెలింగు గడువు దాటిపోయింది. వాళ్ళ నాన్న వడ్డీకి తెచ్చి కట్టాక గానీ కాగితాలు బయటికి రాలేదు, అప్పటికి ఏడాది పోయింది. ఆ ఏడాది అతను స్పిన్నింగ్ మిల్లులో రాత్రి షిఫ్టు చేశాడు. 2018 అక్టోబరులో యు.జి.సి. ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఏ విద్యాసంస్థా విద్యార్థి అసలు సర్టిఫికెట్లు తన దగ్గర ఉంచుకోకూడదు. చేరేటప్పుడు పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఈ ఉత్తర్వు కాపీ ఒకటి మన హాస్టలు నోటీసు బోర్డులో అద్దం కింద పెట్టించాలని వార్డెన్ గారిని కోరుతున్నాను. కళాశాలకు ఒంటరిగా వెళ్ళి గొడవ పడకండి. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, తీసుకున్నట్టు రెండో కాపీ మీద సంతకం వేయించుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలోను, విశ్వవిద్యాలయంలోను అదే కాపీ చూపించవచ్చు.

పేరు అక్షరాలు కూడా చూసుకోవాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా, డిగ్రీలో ఒకలా ఉంటే ఉద్యోగం వచ్చాక పరిశీలనలో పడుతుంది. పదో తరగతి నామినల్ రోల్ రాసేటప్పుడే సరిచూసుకుంటే అయిదు నిమిషాల పని. తరువాత అయితే నోటరీ, గెజిట్ అంటూ తిరగాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల తమ్ముళ్ళు ఈ ఒక్క పేరా చదివినా చాలు.

పై చదువుకు వెళ్ళేవాళ్ళు: మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో పి.జి. ప్రవేశాలకు 2021 నుంచి ఉమ్మడి పరీక్ష పి.జి.సెట్ పెట్టారు. అంతకు ముందు ఏ విశ్వవిద్యాలయానికి ఆ పరీక్షే రాయాల్సి వచ్చేది, ప్రతిచోటా ఫీజు, ప్రతిచోటికీ బస్సు చార్జీ. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సి.యు.ఇ.టి. అనే పరీక్ష ఉంది, అది 2022లో మొదలైంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మనకు దగ్గర. 1969, 1972 ఉద్యమాల తరువాత వచ్చిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో దాన్ని పెట్టారు. వేరే విశ్వవిద్యాలయంలో చేరితే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి, దానికి మన పాత విశ్వవిద్యాలయంలోనే దరఖాస్తు.

అన్నలకు ఒక విన్నపం

ప్రతి ఏటా వార్షికోత్సవానికి మీరు వస్తారు, స్టేజీ మీద శాలువా కప్పుతాం, మీరు కొన్ని మంచి మాటలు చెబుతారు. ఈసారి ఆ శాలువాల ఖర్చు ఆపుదామని నా మనవి. కోపం తెచ్చుకోకండి. ఇంటర్ పాసై డిగ్రీలో చేరేవాళ్ళకు దరఖాస్తు ఫీజు, డిగ్రీ పాసైనవాళ్ళకు ఓ.డి. ఫీజు, పి.జి.సెట్ రాసేవాళ్ళకు ఫీజు, పరీక్ష కేంద్రానికి బస్సు చార్జీ. ఇవి ఒక్కొక్కరికి పెద్ద మొత్తాలు కావు, కానీ అవసరమైన రోజున జేబులో ఉండవు. బోధిసిరి లాగా ఎవరి కోసం ఏమి ఇచ్చారో ఒక రిజిస్టరులో రాద్దాం. ఆ రిజిస్టరు హాస్టల్లో ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు.

ఇంకోటి డబ్బుతో పనిలేనిది. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు తమ కళాశాల, గ్రూపు, చేస్తున్న ఉద్యోగం, ఫోను చేయదగిన సమయం ఒక కాగితం మీద రాసి వార్డెన్ గారికి ఇస్తే చాలు. మా నాన్న నన్ను అడిగిన ప్రశ్నలాంటిది వచ్చినప్పుడు తమ్ముళ్ళు అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

వర్సిటీ వార్తలు కత్తిరించి అంటించడానికి పెద్ద నోటు పుస్తకం ఒకటి కొని ఆఫీసు గదిలో ఇచ్చాను. ఇంటర్ రెండో ఏడాది తమ్ముళ్ళు ఇద్దరు పూనుకుంటామన్నారు. నోటిఫికేషన్లకు ఎర్ర పెన్నుతో గడువు తేదీ రాయాలి, ఒప్పందం వార్తలకు పక్కన పైన చెప్పిన ప్రశ్నలు వేసుకోవాలి. ఓ.డి. దరఖాస్తు నింపడం రానివాళ్ళు ఏ నెలైనా రెండో ఆదివారం ఉదయం పది గంటలకు హాస్టలుకు రండి. పదో తరగతి మెమో, డిగ్రీ మెమోలు, పి.సి., ఆధార్ జిరాక్సులు, రెండు ఫొటోలు తెచ్చుకోండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకుండా మీ చేతిలోనే ఉంచుకోండి, నాకు కూడా ఇవ్వవద్దు.